నలభై చక్రాల కుర్చీల ఓడ

మొదటి సాక్షి కొలోన్ సిటీ బస్సులో చనిపోయాడు. తొడ మీద ఏదో కుట్టినట్టయితే పక్కవాణ్ణి తిట్టాడు. కొంతసేపటికి సీట్లోనే పక్కకు వాలిపోయాడు. పోస్టుమార్టంలో కనిపించినది ఒక్క సూది గుచ్చు.

"రెండో సాక్షి తిట్టను కూడా తిట్టలేడు," అంది ఎర్మెలిందా గొండోలా. పనామా ఇంటెలిజెన్స్‌లో పేరు లేని ఒక శాఖకు ఆవిడ చీఫ్. "ఇంజనీర్ పినిల్లా. రాడార్ టవర్ మీంచి పడి వెన్నెముక విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. సూది దిగినా తెలీదు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అబ్దియేల్ సమానియేగో ఫోటో అందుకున్నాడు. తెల్లటి మీసాలు, చికాకు నిండిన కళ్ళు.

"విదేశీ ముఠా ఒకటి మూడు దేశాల తీర రాడార్లను గుడ్డివి చేస్తోంది. అందుకు ఏ సంకేతం వాడుతోందో ఈయన కనిపెట్టాడు. అది ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. బెలీజ్ సిటీలో విచారణ సంఘం కూర్చుంటోంది. అక్కడ ప్రాణాలతో దించాలి."

"విమానంలో పంపించొచ్చుగా?"

"ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ అంటే ఊరేగింపే. 'మార్ సెరెనా' ఓడలో ఏటా ఒక టూర్ వెళ్తుంది. చక్రాల కుర్చీలవాళ్ళు, వినపడనివాళ్ళు. నలభై కుర్చీల మధ్య ఒక కుర్చీని ఎవడు గుర్తుపడతాడు?"

"మరి నేను?"

"నీకు వినపడదు." ఆవిడ నవ్వలేదు. "మీ అమ్మానాన్నల సైగల భాష నీకు పుట్టుకతో వచ్చిందేగా."

అబ్దియేల్ ఇదివరకు పాస్టరుగా, పెయింటరుగా, పండ్ల వ్యాపారిగా వేషాలు కట్టాడు. ఏ వేషమూ అతన్ని ఇబ్బంది పెట్టలేదు. ఈసారి మాత్రం అమ్మ గౌను దొంగిలించి తొడుక్కొమ్మన్నట్టు అనిపించింది.

"ఇంకో మనిషిని కూడా పెట్టాను," అంది చీఫ్. "ఎవరో చెప్పను. అవసరం పడితే 'లిమోన్‌లో వాన పడిందా' అని అడుగు. 'మా అత్త గొడుగు తడవలేదు' అంటే మనవాళ్ళే."

*

ఓడలో అబ్దియేల్ కేబిన్ తలుపు గంట నొక్కితే మోగదు, లోపల దీపం మెరుస్తుంది. ప్రమాద హెచ్చరిక వస్తే దిండు కింద అమర్చిన చిన్న యంత్రం తలను కుదిపి లేపుతుంది. శాఖవాళ్ళు ఇచ్చిన గడియారం కూడా ఇలాంటిదే. దగ్గరలో ఆయుధం ఉంటే అందులోని లోహాన్ని పసిగట్టి మణికట్టు మీద అదురుతుంది. నలభై చక్రాల కుర్చీల మధ్య అది అదరని క్షణం లేదు. మొదటి పూటే తీసి సూట్‌కేసులో పడేశాడు.

వినపడనట్టు నటించడం చాలా కష్టమైన పని. డైనింగ్ హాల్లో వెనక ప్లేట్లు పడి భళ్ళుమన్నప్పుడు సాంకోచో పులుసు తాగుతున్న చెంచా తొణకకూడదు. తొణకలేదు. పక్క బల్ల దగ్గర రెబెకా అనే అమ్మాయి చెంచా కూడా తొణకలేదు. ముదురు ఎరుపు గోళ్ళు, పొట్టి జుట్టు, ఎవరికీ లొంగని నడక. ఆమె చేతులు మాట్లాడుతుంటే వినికిడి ఉన్నవాళ్ళు కూడా తినడం మానేసి చూసేవారు.

"ఆ పిల్ల నిన్నే చూస్తోందయ్యా," అని చేతులతో అన్నాడు నికనోర్. దావీద్ ఊళ్ళో వడ్రంగి, పుట్టు బధిరుడు, అబ్దియేల్‌ను మొదటి రోజే తమ్ముడిగా చేసేసుకున్నాడు. "నాకిద్దరు మనవలు. లేకపోతే నేనే పోటీకి వచ్చేవాణ్ణి."

"రండి, మీ ఆవిడకి రాసి పెడతాను."

"రాయి. చదివి పండగ చేసుకుంటుంది. పీడ వదిలిందని."

మర్నాడు మధ్యాహ్నం డెక్ మీద అబ్దియేల్, నికనోర్ దారికి అటొకరు ఇటొకరు నిలబడి చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఇలాంటప్పుడు మధ్యలోంచి వెళ్ళాల్సిన బధిరులు నడక ఆపకుండా వెళ్ళిపోతారు. ఆగి మన్నించమంటేనే మాట తెగుతుంది. చిన్నప్పుడు అబ్దియేల్ ఆగినప్పుడల్లా అమ్మ వీపు మీద చరిచేది.

రెబెకా వచ్చింది. ఇద్దరినీ చూసి ఆగింది. తల వంచి, చెయ్యి ఎత్తి క్షమించమని, వంగి దాటిపోయింది.

"ఎంత మర్యాదో," అన్నాడు నికనోర్ మెచ్చుకుంటూ.

అబ్దియేల్‌కు అర్థమైంది. అది వినికిడి ఉన్నవాళ్ళ మర్యాద. ఆమెకు వినిపిస్తుంది.

ఒంటరిగా దొరికినప్పుడు రెయిలింగ్ దగ్గర చేతులతో అడిగాడు: "లిమోన్‌లో వాన పడిందా?"

రెబెకా కనురెప్ప వాల్చకుండా చేతులతోనే జవాబిచ్చింది. "మా అత్త గొడుగు తడవలేదు. ఇంత ఆలస్యమా? నిన్ను మొదటి భోజనం దగ్గరే పట్టేశాను. చెంచా మరీ నిశ్చలంగా పట్టుకున్నావు."

"నిన్నెందుకు ఎంచుకున్నారు?"

"మా అన్నకి నడుం విరిగింది. పదేళ్ళు నేనే చూశాను. కుర్చీ సంగతులు నాకు తెలిసినట్టు శాఖలో ఎవరికీ తెలీవు."

అతనికి ప్రాణం లేచి వచ్చింది. కాపలా ఇద్దరి మధ్య పంచుకున్నారు. నికనోర్ తన పెళ్ళాం జబ్బు సంగతి, పిల్లలకు కూడా చెప్పనిది, ఆ సాయంత్రం అతనికి చెప్పుకున్నాడు. అబద్ధపు మనిషికి నిజం చెబుతున్నానని ఆయనకు తెలియదు.

*

బెలీజ్ దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలు జనాన్ని రేవుకు చేరుస్తాయి. ఆ ఉదయం అలలు ఎగిసిపడుతున్నాయి. బ్యాటరీ కుర్చీలు బరువు, వాటిని పడవ ఎక్కించరు. మనిషిని ఓడవాళ్ళ మడత కుర్చీలోకి మార్చి, నావికులు కుర్చీతో సహా ఎత్తి పడవలో దించుతారు.

పినిల్లా ముందు ముగ్గురు అలాగే దిగారు. ముగ్గురూ తమ పాత కుర్చీలోని దిండు లాగించి, కొత్త కుర్చీలో వేయించుకున్నాకే కదిలారు.

పినిల్లా వంతు వచ్చింది. మడత కుర్చీలో అప్పటికే ఒక గాలి దిండు ఉంది, నీలంది, ఉబ్బుగా. సాయానికి నిలబడ్డ రెబెకా పరిచింది.

"నా దిండు వెయ్యమ్మా," అన్నాడు ఆయన, పాత కుర్చీ వైపు చూపిస్తూ.

రెబెకా వినపడనట్టు నవ్వింది. కొత్త దిండు తట్టి చూపింది. అలల వైపు చూపింది. వెనక బారులు తీరిన జనం వైపు చూపింది.

పినిల్లా వెనక్కి చూశాడు. తన వల్ల ఎవరైనా ఆగితే ఆయనకు సిగ్గు. జీవితంలో సగం ఆ సిగ్గుతోనే గడిచింది. అరచేత్తో దిండు మీద తడిమాడు. నున్నగా ఉంది. "సరేలే, గంటసేపేగా," అన్నాడు. ఇద్దరు నావికులు ఆయన్ని చంకల కింద, మోకాళ్ళ కింద పట్టి ఎత్తారు.

గంటసేపు. స్పర్శ లేని ఒంటికి కొత్త దిండు మీద గంట చాలు, పుండు లేవడానికి. పదేళ్ళు అన్నను చూసిన మనిషి ఆ మాట మరిచిపోగలదా?

"దించకండి," అని అరిచాడు అబ్దియేల్.

బారులో ఉన్న బధిరులెవరూ కదలలేదు. నావికులు బిగుసుకుపోయారు. రెబెకా మాత్రం చటుక్కున అతని వైపు తల తిప్పింది.

అతను ఒక లైఫ్ జాకెట్ లాగి నీలం దిండు మీద పెట్టి, తన బరువంతా మోపి అదిమాడు. నారింజ రంగు గుడ్డలోంచి సన్నటి సూది మొన పైకి వచ్చింది. మీద ఒక పసుపు బొట్టు.

"అయ్యా, ఏదో ఒకటి తేల్చండి," అన్నాడు పినిల్లా. "నేనింకా గాల్లోనే ఉన్నాను."

రెబెకా మెట్ల వైపు పరిగెత్తింది. నికనోర్‌కు సంగతేమీ తెలియదు, కానీ సూది కనిపించింది. వడ్రంగి చెయ్యి అడ్డం పెట్టాడు. అది దాటడం ఎవరి తరమూ కాలేదు.

"నేనూ మీ ఆఫీసు మనిషినే," అంది రెబెకా మొదటిసారి నోరు తెరిచి. గొంతు కూడా అందంగానే ఉంది.

"ముఠా మనిషివి. మా ఆఫీసు మనిషివి కూడా," అన్నాడు అబ్దియేల్.

ఆమెను తీసుకెళ్ళాక నికనోర్ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు నెమ్మదిగా కదిలాయి.

"నీకు వినిపిస్తుంది."

"వినిపిస్తుంది."

"మీ అమ్మానాన్నలు?"

"వాళ్ళకి వినపడదు. అది నిజం."

"వాళ్ళకి ఈ వేషం సంగతి చెప్తావా?"

నికనోర్ జవాబు కోసం చూడకుండా, అతనికీ పినిల్లాకీ మధ్యలోంచి ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్ళిపోయాడు.

*

పినిల్లా తన దిండు మీదే కూర్చుని రేవు చేరాడు. కారు ఆయన్ని విచారణ భవనం ముందు దించింది. హాలు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు.

అబ్దియేల్ పైకి వెళ్ళి చెప్పాడు. మూడు దేశాల న్యాయమూర్తులు నల్లకోట్లు సర్దుకుంటూ కిందికి దిగారు. సాక్ష్యం పేవ్‌మెంటు మీద, ఒక వేపుళ్ళ బండి పక్కన, తలుపులు మూసిన వ్యాను నీడలో నమోదైంది. సంకేతం అందిన మధ్యాహ్నమే రాడార్లకు చూపు వచ్చింది.

సూది, విషం, అంత ఖరీదైన మనిషి. ముఠావాళ్ళు ముందే ఒకసారి వచ్చి ఆ భవనాన్ని చూసి ఉంటే ఇంత ఖర్చు పెట్టేవారు కాదని అబ్దియేల్ తన రిపోర్టులో రాశాడు.