ఆగస్టులో ఎగిరిన దినారు

అంకమ్మ కుర్చీ అంచున కూర్చుంది. కోడూరులో మొదటి బస్సెక్కి మచిలీపట్నం వచ్చింది. ఒళ్లో సంచిని ఎవరో లాక్కుపోతారన్నట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆదివారంలోగా మా నాన్న బోటు అమ్మేయాలంటున్నారండీ. అది పోతే మాకింకేం లేదు."

ప్రైవేట్ డిటెక్టివ్ ఉమాదేవి తలూపింది. ఆమె సహాయకుడు, రిటైరైన హెడ్ కానిస్టేబుల్ బెంజమిన్, రాసుకోవడం మొదలుపెట్టాడు.

అంకమ్మ తండ్రి నరసింహం చాలాకాలం ఒమన్‌లో పనిచేసి వచ్చి బోటు కొన్నాడు. నెల క్రితం గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ నాడు అతని ట్రంకుపెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. స్నేహితుడు యాకూబ్ బహ్రెయిన్ నుంచి నెలనెలా దినార్లు పంపినట్టు, నరసింహం వాటిని ఒమన్ రియాళ్లుగా మార్చి దాచినట్టు, బోటులో సగం యాకూబ్‌దేనన్నట్టు అందులో రాసి ఉంది. యాకూబ్ ఇప్పుడు లేడు. ఉన్నది కొడుకు రషీద్.

"పెట్టె ఎవరెవరు ముట్టుకున్నారు?"

"నాన్న పోయేదాకా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉందండీ. పెద్దకర్మ నాడే తీశాం. నేను, రషీద్, సుబ్బారావుగారు. అంతే."

"ఆయనెవరు?"

"మా ఊరాయనే. గల్ఫ్ సుబ్బారావంటారు. బోటు కాగితాలు వెతికిపెడతానని వచ్చారు. ఇప్పుడేమో, గొడవెందుకు, బోటు నాకిచ్చేసి డబ్బు చెరిసగం తీసుకోండి అంటున్నారు. ఆయనిచ్చేదానికి ఇంజను కూడా రాదు."

అంకమ్మ సంచిలోంచి తీసిచ్చిన పుస్తకాన్ని ఉమాదేవి తిరగేసింది. 2012 నుంచి నాలుగేళ్లు. ప్రతి నెలా ఎన్ని దినార్లు, ఎన్ని రియాళ్లు, ఆనాటి రేటు. 2013 ఆగస్టు దగ్గర ఆమె వేలు ఆగింది. పెదవి ఒక పక్కకు వంగింది.

"ఎంత ఓపికో చూడండి, బెంజమిన్ గారూ. దీంట్లో సగం ఓపిక పనిలో పెట్టుంటే బాగుపడేవాడు."

అంత తొందరగా ఆమెకు ఏం కనబడిందో బెంజమిన్‌కు అర్థం కాలేదు. ఎప్పుడూ అర్థం కాదు. అందుకే ఆమె అంటే అతనికంత గౌరవం.

రషీద్ మచిలీపట్నంలోనే మోటార్ మెకానిక్. తండ్రితో పాటు మూడేళ్లు బహ్రెయిన్‌లో ఉన్నాడు.

"పుస్తకం చదివావా?" అని అడిగింది ఉమాదేవి.

"మొదటి పేజీలో నాన్న పేరు చూశాను మేడమ్. ఆపైన చదవలేకపోయాను."

"అక్కడ రియాల్ రేటు చూసుకునేవాళ్లా?"

"రియాల్‌ని ఎవరు చూస్తారండీ? మాకు రూపాయే కావాలి. రూపాయి పడిన రోజు క్యాంపులో స్వీట్లు పంచేవాళ్లు."

కోడూరులో సుబ్బారావు నల్లకళ్లద్దాలు తీయకుండానే మాట్లాడాడు. అత్తరు వాసన అతనికంటే ముందే వచ్చింది.

"గల్ఫ్ సంగతులు నీకేం తెలుస్తాయమ్మాయ్? బహ్రెయిన్‌లో రోజూ పొద్దున్నే బోర్డు ముందు నిలబడేవాళ్లం. ఒకరోజు దినారు రియాల్‌ని తొక్కేసేది. ఇంకోరోజు రియాల్ దినారుని. గుండెలదిరేవనుకో!"

"అబ్బో," అంది ఉమాదేవి.

ఆ మధ్యాహ్నమే ఊళ్లో ఆరా తీసి, ఆమె బెంజమిన్‌ను గుడివాడ పంపింది.

శనివారం సాయంత్రం అంకమ్మ ఇంటి అరుగు మీద ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"ఈ పుస్తకంలో నలభై ఎనిమిది నెలలకి నలభై ఎనిమిది రేట్లు. బహ్రెయిన్ తన దినారునీ, ఒమన్ తన రియాల్‌నీ ఎన్నో ఏళ్లుగా డాలరుకే కట్టేసి ఉంచాయి. అందుకని ఆ రెండింటి మధ్య రేటు కదలదు. ఆ నాలుగేళ్లూ వంద దినార్లకి నూట రెండు రియాళ్లు, పైన చిల్లర. పాత రేట్లన్నీ తీయించి చూశాను. గీత గీసినట్టున్నాయి."

సుబ్బారావు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"2013 ఆగస్టులో మాత్రం ఇక్కడ దినారు ఎగిరిపడింది. ఆ నెల పడింది మన రూపాయి. దినారుకీ రియాల్‌కీ చీమ కుట్టినట్టైనా లేదు. రూపాయికి జ్వరమొస్తే లోకమంతా దగ్గుతుందనుకున్నాడు రాసినవాడు. ఇల్లు కదలనివాడికే ఆ తెలివి వస్తుంది. ఒమన్‌లో బతికిన నరసింహం ఇలా రాయడు. రషీద్‌కి ఆ రేటు చూడనక్కర్లేదనే తెలుసు. తన బోటులో సగం పోగొట్టుకోడానికి అంకమ్మ రాసుకోదు. పెట్టె ముట్టిన మూడోవాడివి నువ్వు. బోటు చవగ్గా కొట్టేయాలని, కాగితాలు వెతికే వంకతో పుస్తకం అందులో పెట్టేశావు."

"నేను బహ్రెయిన్‌లో..."

"గుడివాడలో," అన్నాడు బెంజమిన్. "ఆ నాలుగేళ్లూ బట్టల కొట్లో లుంగీలు మడతపెట్టావు. మీ ఓనరు నిన్ను బాగానే గుర్తుపెట్టుకున్నాడు. మెచ్చుకోలేదనుకో."

ఉమాదేవి పుస్తకాన్ని రెండు వేళ్లతో ఎత్తింది. "పోనీ దొంగపనైనా శ్రద్ధగా చేశాడా? నోటికొచ్చిన అంకెలు గాలికి రాసిపారేశాడు."

"గాలికి రాయలేదు!" సుబ్బారావు లేచి నిలబడ్డాడు. "లైబ్రరీలో పాత పేపర్లు ముందేసుకుని, ఒక్కో నెలా చూసి మరీ..."

అంతలో తానేమన్నాడో తెలిసి, అరుగు దిగబోయాడు.

"చూసింది రూపాయి రేటు," అంది ఆమె. "కష్టపడ్డావు, పాపం. ఆ కష్టం గురించి స్టేషన్లో కూడా ఇంతే గర్వంగా చెప్పు."

బెంజమిన్ అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. సుబ్బారావు దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు. ఉమాదేవి అటు చూడను కూడా లేదు.

రషీద్ తలవంచుకుని ఉన్నాడు. "అయితే నాన్న ఏమీ పంపలేదన్నమాట. ఆ పుస్తకం చూసి, ఇన్నాళ్లకి ఆయనది ఏదో ఒకటి మిగిలిందనుకున్నానక్కా. ఇందులో నాకేం వద్దు."

పుస్తకం దొరికిన నాటి నుంచి అంకమ్మ అతన్నే దొంగ అనుకుంది.

"సోమవారం బోటు దించుతున్నాం," అంది. "ఇంజను చూసే మనిషి లేడు."

"ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు రషీద్.