ఒడ్డున మిగిలిన జోడు

నల్లగెడ్డ రిజర్వాయరులో నీళ్లకంటే పలకలే ఎక్కువ కనిపిస్తాయి. భీమునిపట్నం రోడ్డు దిగి, జీడితోటల్లోంచి నాలుగు మైళ్లు లోపలికి వెళితే రెండు కొండల మధ్య గట్టు వస్తుంది. గట్టు వెనక నీళ్లు, నీళ్ల మీద ప్లాస్టిక్ తెప్పలు, తెప్పల మీద వరసలు వరసలుగా సోలార్ పలకలు. పగలంతా కరెంటు ఎండలోంచి వస్తుంది కాబట్టి ఆ మేరకు నీళ్లు ఖర్చు కావు. పొద్దు గూకి, విశాఖపట్నంలో ఇంటింటా దీపాలు వేసే వేళకి ఆ దాచిన నీళ్లను గట్టు కింది టర్బైను మీదికి వదులుతారు. ఎంత వదలాలో లెక్కలు వేసేవాళ్లు ఊళ్లో చల్లటి గదిలో కూర్చుంటారు. సాయంత్రం ఆరింటికి మీట నొక్కేవాడు మాత్రం అప్పలసూరి.

అతనికి యాభై నాలుగేళ్లు. మద్దిలపాలెం డిపో వెనక మేడ మీద ఒక గది. భార్య కనకరత్నం పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. సాయంత్రం డ్యూటీ అంటే అందరూ మొహం తిప్పుకుంటారు, ఇంటికి పోవాలి కదా. ఇంటికి పోవాలన్న తొందర లేనివాడు ఒక్కడే దొరికాడు, డ్యూటీ అతనికి అంటుకుపోయింది. ఇన్నేళ్లయినా ఒక్కడికి అన్నం వండడం చేతకాలేదు మహానుభావుడికి. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తాడు, మిగిలింది పొద్దున్న తింటాడు.

తెప్పల మీద చెప్పులతో నడిస్తే కాలు జారుతుంది. అందుకని పలకలు కడిగేవాళ్లు ఒడ్డున ఒక చెక్కబల్ల మీద జోళ్లు వదిలి, వట్టి కాళ్లతో లోపలికి వెళతారు. సంతకాల పుస్తకం ఒకటి ఉంది గానీ, సూపర్‌వైజర్ సందీప్ ఒక్కడే కూర్చుని అందరి సంతకాలూ గీకి పారేస్తాడు. అప్పలసూరి నమ్మింది బల్లనే. మీట నొక్కే ముందు ఒడ్డుకి వెళ్లి చూస్తాడు. బల్ల ఖాళీగా ఉంటే నీళ్ల మీద ఎవరూ లేనట్టు. తూము తలుపు లేచినప్పుడు దాని దగ్గర మనిషి నీళ్లలో ఉంటే ఇంక దక్కడు.

రెండేళ్ల కిందట ఆ బల్ల అతన్ని మోసం చేసింది.

ఆ పొద్దున్న పలకలు కడిగే గవర్రాజు వట్టి కాళ్లతో పనిలోకి వచ్చాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా అప్పలసూరిని బావా అని పిలిచేవాడు, అన్నం క్యారేజీలో సగం అతనికి పెట్టేవాడు.

"జోడేదిరా?" అన్నాడు అప్పలసూరి.

"పట్టీ తెగిపోనాది బావా. ఇంటికాడ వొదిలేసినాను. రేపు కొంటాను."

"పేరులో రాజు, కాలికి జోడు లేదు," అని నవ్వాడు అప్పలసూరి.

సాయంత్రం బల్ల ఖాళీగా ఉంది. పుస్తకంలో అందరి సంతకాలూ ఉన్నాయి. పొద్దున్న నవ్విన నవ్వు అతనికి గుర్తు రాలేదు. మీట నొక్కాడు. కడిగే కుచ్చు మర్చిపోయి గవర్రాజు ఆఖరి వరసకి వెనక్కి వెళ్లాడని తర్వాత తెలిసింది. మర్నాడు తూము ముందున్న ఇనపజల్లెడకి అతుక్కుని దొరికాడు.

విచారణకి వచ్చినవాళ్లు పుస్తకం చూశారు, బల్ల సంగతి అడగలేదు. అడిగితే అప్పలసూరి చెప్పేసేవాడు, చెప్పి ఏడ్చేవాడు కూడా. అడగలేదు కాబట్టి ఆ మాట అతని దగ్గరే ఉండిపోయింది.

పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం బల్ల చివర ఒక జత కనిపించింది. నీలం పట్టీల హవాయి జోడు. ఎడమ పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. నిలువునా తడిసి నీళ్లు కారుతున్నాయి. అవి గవర్రాజువి... అరిగిన మడమతో సహా గవర్రాజువే. అప్పలసూరి తెప్పలన్నీ తిరిగాడు, గొంతు పోయేలా పిలిచాడు. నీళ్ల మీద పురుగు లేదు. గంట ఆలస్యమైందని ఊళ్లోంచి ఫోన్లో నానా తిట్లూ తిట్టారు. తిరిగి వచ్చేసరికి బల్ల మీద జోడు లేదు. తడి మరక మాత్రం ఉంది, రెండు పాదాలంత.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. భయం ఎన్నాళ్లని ఉంటుంది? అప్పలసూరి లెక్క మార్చుకున్నాడు. బల్ల మీద ఉన్నవాటిలోంచి ఆ నీలం జోడు తీసేసేవాడు. అదొక్కటే ఉంటే సున్నా. వెళ్లి మీట నొక్కేవాడు.

చెప్పడానికి సిగ్గుగానీ, కొన్నాళ్లకి ఆ జోడు కోసం చూడటం మొదలుపెట్టాడు. "వొచ్చినావేటిరా? ఇయ్యాల బస్సులో నిలబడే వొచ్చినాను," అని దాని పక్కన రెండు నిమిషాలు కూర్చునేవాడు. రోజు మొత్తానికి అతను పనిమాట కాకుండా వేరే మాట మాట్లాడేది అక్కడే. జోడు కనిపించని రోజున గదికి వెళ్లాక అన్నం సహించేది కాదు.

గవర్రాజు పని అతని భార్య తవిటమ్మకి ఇచ్చారు. ఆమె అప్పలసూరిని అన్నయ్యా అంటుంది. "ఒక్కడివే ఏటి వొండుకుంటావన్నయ్యా," అని గిన్నెలో కూర పెట్టి తెస్తుంది. ఆ కూర తినేటప్పుడల్లా చెప్పాల్సిన మాట అతని గొంతులో అడ్డం పడుతుంది. నీళ్లు తాగి దింపేసుకుంటాడు.

కార్తీక మాసం, రెండో సోమవారం. పొద్దు తొందరగా పోయింది. అయిదింటికి పనివాళ్ల ఆటో వెళ్లిపోయిన చప్పుడు విన్నాడు. కొండల మీద ఎరుపు పోయి నీళ్లు నల్లబడ్డాయి. పాచి వాసన, పలకల మీద కొంగల రెట్ట వాసన. కింద నీళ్లు తెప్పలకి కొట్టుకుంటూ టపటపమంటున్నాయి. ఆరింటికి పది నిమిషాలుందనగా ఒడ్డుకి వెళ్లాడు.

బల్ల చివర ఒక జత. నీలం పట్టీలు. ఎడమదానికి పిన్నీసు.

"వొచ్చినావా? మూడు రోజులైపోనాది రా. ఇయ్యాల కూకోడానికి కుదర్దు, ఊళ్లో లోడెక్కువంట," అని చెప్పి వెనక్కి వచ్చాడు.

ఆరింటికి మీట నొక్కాడు. గట్టు కింద తలుపు మూలిగింది. నేలలోంచి టర్బైను గుయ్యిమని లేచింది. అలవాటుగా కిటికీలోంచి నీళ్లవైపు చూశాడు.

నీళ్ల మీద ఒక దీపం కదులుతోంది.

చిన్న దీపం. ఆఖరి వరస దగ్గర బయలుదేరింది. గాలి లేదు... అయినా కదులుతోంది. నెమ్మదిగా... తర్వాత తొందరగా. తూము వైపు. తలుపు దగ్గరికి రాగానే గిర్రున ఒక చుట్టు తిరిగి ఆరిపోయింది.

గవర్రాజు జోడు వచ్చింది, ఇప్పుడు దీపం వచ్చింది, అనుకున్నాడు ముందు. కానీ ఏదో తేడాగా ఉంది. ఒడ్డున ఏదో చూశాడు, లేక చూడాల్సింది చూడలేదు... ఏమిటది?

బల్ల మీద మరక.

మరక లేదు.

ఒడ్డుకి పరిగెత్తాడు. వంగి జోడు ముట్టుకున్నాడు. పొడిగా ఉంది. కాస్త దుమ్ము కూడా ఉంది. రెండేళ్లలో ఏ ఒక్కరోజూ అది పొడిగా లేదు.

"అమ్మో..."

వెనక్కి పరిగెత్తి ఎర్రమీట గుద్దాడు. తలుపు పూర్తిగా దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాలు! కొక్కెం కర్ర లాక్కుని, చెప్పులు ఎక్కడ విసిరాడో కూడా చూడకుండా తెప్పల మీద పడ్డాడు. తెప్పలు కాళ్ల కింద ఊగాయి. పలకల మీద అతని నీడలాంటిది పక్కనే పరిగెత్తింది. అటు చూడలేదు.

"ఎవురున్నారు? ఎవురున్నారక్కడ?"

నీళ్ల చప్పుడు... మూలుగుతున్న తలుపు... ఆ రెండిటి మధ్య సన్నగా ఒక గొంతు.

"అన్నయ్యా..."

తూము ముందు అడ్డంగా కట్టిన డ్రమ్ముల తాడు పట్టుకుని, మెడ దాకా నీళ్లలో తవిటమ్మ. చీర నీటి లాగుడికి తలుపు వైపు చాచుకుపోయి ఉంది. అప్పలసూరి బోర్లా పడుకుని కొక్కెం అందించాడు. ఆమె వేళ్లు తాడుని వదలడం లేదు.

"వొదిలీ సెల్లెమ్మా. నాను పట్టుకున్నాను. వొదిలీ."

వదిలింది. ఎలా లాగాడో అతనికే తెలియదు.

ఒడ్డున బల్ల మీద కూర్చోబెట్టి తన చొక్కా విప్పి కప్పాడు. పళ్లు టకటకలాడుతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. సోమవారం కదా, అతను పోయిన చోట దీపం వదుల్దామని అందరితో ఆటో ఎక్కకుండా ఆగిపోయింది. దీపం ఉన్నట్టుండి తూము వైపు లాక్కుపోతుంటే, మళ్లీ ఆ జల్లెడలోకే పోతుందా అని చెయ్యి చాచింది. కాలు జారింది.

అప్పుడు చెప్పేశాడు అప్పలసూరి. గవర్రాజు వట్టి కాళ్లతో రావడం తను చూశాడని, నవ్వాడని, మర్చిపోయాడని. రెండేళ్లుగా బల్ల మీదికి వస్తున్న నీలం జోడు సంగతీ చెప్పాడు, ఇవాళ దాన్నే చూసి మీట నొక్కానని కూడా చెప్పాడు. తవిటమ్మ తన కాళ్ల దగ్గరున్న జోడు వైపు చూసింది.

"పిన్నీసుతోనే అవుపడిందా అన్నయ్యా?"

"ఔను. మొదటి రోజు నుంచీ."

"ఈ జోడు ఆయన పోనకాడి నుంచీ సూరులోనే ఉన్నాది. పట్టీ తెగిపోయే ఉన్నాది. ఆయన జోడు ఏసుకుని ఎల్లి దీపం ఎట్టాలని ఇయ్యాలే తీసినాను." ఆమె గొంతు తగ్గించింది. "పిన్నీసు ఇయ్యాల పొద్దున్నే ఎట్టినాను."

ఆ రాత్రి బస్సులో అప్పలసూరికి అర్థమైంది. రెండేళ్లుగా అక్కడికి వచ్చింది గవర్రాజు కాదు. జరగబోయే ఈ సాయంత్రం వారానికి రెండుసార్లు వచ్చి ముందే చెబుతోంది. తనేమో పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. చచ్చిన స్నేహితుడైనా తోడున్నాడనుకున్న ధైర్యం కూడా పోయింది. ఆ రాత్రి గదిలో అన్నం వండలేదు.

మర్నాడు తవిటమ్మ జ్వరంతో రాలేదు. సాయంత్రం ఒడ్డుకి వెళ్లిన అప్పలసూరి బల్లకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

ఒక జత. తడిసి ఉంది. నల్లటి జోడు, కుడి మడమ కింద టైరుముక్క అతికించి ఉంది. ఆ ముక్క మద్దిలపాలెం జంక్షన్లో తనే దగ్గరుండి వేయించుకున్నాడు. రెండు పట్టీలూ తెగి, పచ్చటి కరెంటు తీగతో కట్టి ఉన్నాయి.

వంగి తన కాళ్లు చూసుకున్నాడు. నల్లటి జోడు కాళ్లకే ఉంది. పొడిగా ఉంది. పట్టీలు నిక్షేపంగా ఉన్నాయి.

ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా నొక్కాడు. ఊళ్లోంచి ఫోను వచ్చింది. "నిన్న మధ్యలో ఆపేశావు, ఇవాళ ఆలస్యం. రేపటి నుంచి ఆరింటికి ఇక్కణ్ణించే నొక్కేస్తాం, కంప్యూటర్లో ఏర్పాటు చేశాం. నువ్వు చూసుకుంటూ కూర్చో చాలు."

"బల్ల సూడాలండి..." అన్నాడు.

"ఏం బల్ల?" అని పెట్టేశారు.

డ్యూటీ దిగేముందు బ్లేడు తీసి తన జోడు పట్టీలు రెండూ కోసేశాడు. చెత్తడబ్బాలో పడేసి వట్టి కాళ్లతో బస్సెక్కాడు. పట్టీల్లేని జోడు ఎవరు వేసుకుంటారు? ఇక జన్మలో చెప్పులు తొడగనని ఒట్టు పెట్టుకున్నాడు. చెప్పుల్లేనివాణ్ణి ఆ బల్ల లెక్కపెట్టదని అతనికంటే బాగా తెలిసినవాడు లేడు, కానీ భయంలో అది తట్టలేదు.

మూడో రోజు సాయంత్రం అయిదున్నరకి సందీప్ ఫోన్ చేశాడు. ఆఖరి వరసలో, తూము దగ్గరి కరెంటు పెట్టె ట్రిప్పయిందట. పనివాళ్లందరూ వెళ్లిపోయారట. "నువ్వే ఓసారెళ్లి మీటెత్తి రా అప్పలసూరీ. రెండు నిమిషాల పని."

"సీకటడిపోతంది. రేపు సూస్తాను."

"రేపంటే నా ఉద్యోగం పోద్ది. ఆరింటిలోపల వొచ్చేయొచ్చు."

అప్పలసూరి ఫోన్ పెట్టేసి గడియారం చూశాడు. తలుపు దగ్గర అలికిడైంది. తవిటమ్మ. జ్వరం తగ్గి పనిలోకి వచ్చిందట, అతని కోసమే ఆటో వదులుకుని ఆగిందట. అతని వట్టి కాళ్లు చూసి నొచ్చుకుంది.

"నాను అనుకుంతానే ఉన్నాను. పట్టీలు తెగితే పారేత్తారేటన్నయ్యా? టైరుముక్క సూసి నీదేనని పోల్చినాను." కొంగు చాటు నుంచి ఒక జత తీసి, వంగి, అతని కాళ్ల ముందు జాగ్రత్తగా పెట్టింది. పట్టీలకి పచ్చటి తీగ. "వొట్టి కాళ్లతో ఉంటే నాకు బయమేత్తాది. నీకు తెల్దా? ఇప్పుడే గట్టుకాడ కడిగినాను. ఇంకా తడారలేదు గానీ... ఏసుకో అన్నయ్యా."