తెల్లకలువ సబ్బు గోడ

చికిటి బజారులో అప్పలస్వామి కొట్టు పక్కగోడ మీద ఆఖరి అక్షరానికి రంగు వేసి, వైకుంఠరావు నిచ్చెన మీదే వెనక్కి వాలి చూసుకుంటున్నాడు. కింద ఎవరో నవ్వారు.

ఆపుకోబోయి, ఆగక, పైటకొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు అది.

అతను దిగి చూశాడు. కొట్టు యజమాని కూతురు పుణ్యవతి.

“ఏటండీ అంత నవ్వు?”

“ఏటీ లేదు. తాబేలుతో సబ్బు సేస్తారని నాకిన్నాళ్ళూ తెలీదు.”

గంజాం జిల్లాను మద్రాసు నుంచి విడదీసి కలుపుకుని ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్ళు. మద్రాసులోని సబ్బుల కంపెనీ తమ తెల్లకలువ సబ్బు పేరును గంజాం జిల్లా గోడల మీద తెలుగుతో పాటు ఒడియాలో కూడా రాయించాలనుకుంది. ఆ పని బరంపురం కుర్రాడు వైకుంఠరావుకు దొరికింది. నాటకాల తెరలు రాసే మేస్త్రీ దగ్గర పని నేర్చినవాడు. ఒడియా గడగడా మాట్లాడతాడు కాని, చదివింది తెలుగు బడిలో. కలువను ఒడియాలో ఎలా రాస్తారని బరంపురంలో ఒకాయన్ని అడిగాడు. ఆయన పరాకుగా విన్నాడో, పరాచికమాడాడో, ఒక అక్షరం ఎక్కువ రాసి చూపించాడు. ఒడియాలో కలువ ‘కొయిం’. తాబేలు ‘కొయించొ’.

నిండుగా విచ్చుకున్న కలువ బొమ్మ. దాని పక్కనే మూరెడేసి అక్షరాల్లో తెల్ల తాబేలు సబ్బు.

వైకుంఠరావు మొహం పాలిపోయింది. బరంపురం గోడ మీదా, అస్కా గోడ మీదా కూడా ఇదే రాశాడు. వచ్చే వారం కంపెనీ ఏజెంటు గోడలన్నీ చూడడానికి వస్తున్నాడు.

అతని మొహం చూసి పుణ్యవతి నవ్వాపేసింది. “అచ్చరాలు మటుకు భలేగున్నాయి. ఈది సివర్నించే సదివేసినాను,” అంది. అది మెచ్చుకోలో వేళాకోళమో అతనికి తెలియలేదు.

ఆమె బరంపురంలో మేనత్త ఇంట్లో ఉండి ఒడియా బడిలో చదువుకుంది. ఆ సాయంత్రం కొట్టు అరుగు మీద బొగ్గుముక్కతో ఒడియా అక్షరాలు రాసి చూపించింది. అతను రాస్తుంటే గుండ్రాలు సరిగ్గా రాలేదని ఏడిపించింది.

అప్పుడే అతను కొట్టులో ఆమె అలమర చూశాడు. ఖాళీ అయిన డబ్బాలు ఆమె పారేయనివ్వదట. హంసలున్న టీ డబ్బా, సీమ గులాబీల బిస్కట్ డబ్బా, దొరసాని బొమ్మ పౌడరు డబ్బా, అన్నీ తుడిచి వరసగా పెట్టుకుంది. వైకుంఠరావు గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాడు. దొరసాని బుగ్గ మీదున్నది ఎరుపు కాదనీ, దగ్గరగా చూస్తే అన్నీ సన్నని చుక్కలేననీ చెప్పాడు. పుణ్యవతి డబ్బాను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత డబ్బా పక్కనుంచి అతన్ని చూసింది. ఈసారి నవ్వలేదు.

చికిటి గోడ, బరంపురం గోడ దిద్దడం తేలికగానే అయిపోయింది. అప్పలస్వామి పంచదార కోసం అస్కా వెళ్తుంటే, తనూ వస్తానని కూతురు పట్టుబట్టింది. ముగ్గురూ ఒకే బస్సులో వెళ్ళారు.

అస్కాలో పాత పేరు మీద సున్నం కొట్టి మళ్ళీ రాస్తూ, ఆఖరి అక్షరం సగంలో ఉండగా వాన మొదలైంది. అప్పలస్వామి ఎదురుగా ఉన్న కొట్టు చూరు కిందికి పరిగెత్తాడు. పుణ్యవతి మాత్రం గొడుగు విప్పి, చేతులు పైకి చాచి, గోడకు పట్టింది.

“మీరు తడిసిపోతన్నారు,” అన్నాడు వైకుంఠరావు.

“నాను ఆరిపోతాను. అచ్చరం కారిపోతే మల్లీ రాదు. కానియ్యండి.”

జుట్టులోంచి నీళ్ళు ఆమె కనురెప్పల మీదికి జారుతున్నాయి. అతను ఆ ఒక్క అక్షరం రాయడానికి కావలసినదానికంటే చాలాసేపు తీసుకున్నాడు. చూరు కింద నుంచి అప్పలస్వామి ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

తిరుగు బస్సులో ఆయన తన సంగతి చెప్పాడు. ఇక్కడంతా ఒడియా అయిపోతోంది కనక, తెలుగువాడి కొట్టుకు ఇక బేరాలుండవట. కొట్టు అమ్మేసి, హద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్ళిపోతాడట. పిల్లకు అక్కడే సంబంధం కూడా చూశాడట.

పుణ్యవతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెకు ఇష్టమే కాబోలు అనుకున్నాడు వైకుంఠరావు. ఆ తర్వాత చికిటి వైపు రావడం మానేశాడు.

ఏజెంటు వచ్చాడు. గోడలు చూసి ముచ్చటపడి, కటకంలో పెద్ద పని ఇస్తానన్నాడు. ఆ మాట చెప్పి సెలవు తీసుకుందామని వైకుంఠరావు చికిటి వచ్చాడు. కొట్టు ముందు పుణ్యవతి ఒక్కతే ఉంది.

“ఎల్లండి. ఎవులొద్దన్నారు,” అంది, మొహం తిప్పుకుని.

“ఇచ్ఛాపురం సంబంధం…”

“అది మా అయ్య సూసేడు. నాను సూడలేదు.”

అతను కుంచెల సంచీని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది.

“ఏటి కొనాలో ఊరందరికీ సెప్తారు. మీకేటి కావాలో మీరు సెప్పలేరా?”

“నువ్వే,” అన్నాడు వైకుంఠరావు. ఇన్నాళ్ళూ ‘మీరు’ అన్నవాడు.

లోపల బస్తాల వెనక అప్పలస్వామి దగ్గాడు. ఇద్దరూ బిగుసుకుపోయారు. పుణ్యవతే ముందుగా తేరుకుని, లోపలికి వెళ్ళి తండ్రి ఎదుట నిలబడింది.

“నానిచ్ఛాపురం రాను, అయ్యా.”

ఆయన కూతురి వంక చూసి, మళ్ళీ బస్తా మూతి బిగించుకోసాగాడు. ఒక ఒడియా రైతు సబ్బు కోసం వస్తే లేచి వెళ్ళి ఇచ్చాడు. గోడ మీద పేరు చదువుకుని ఇలాంటివాళ్ళు పల్లెల నుంచి రావడం ఆయన ఈమధ్య గమనిస్తూనే ఉన్నాడు. కొట్టు కొంటానన్న మనిషికి ఇంకా జవాబివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే బరంపురానికి కబురు పంపి వైకుంఠరావును పిలిపించాడు. కటకం సంగతి తర్వాత, ముందు కొట్టుకు బోర్డు రాయాలన్నాడు. రెండు భాషల్లోనూ.

“పేరేటి రాయమంటారు?”

“అప్పలస్వామి అండ్…” ఆయన ఆగాడు. బజారులో చాలా బోర్డుల మీద సన్స్ ఉన్నారు. ఆయనకు కొడుకుల్లేరు. “అండ్ అల్లుడు,” అన్నాడు గొంతు సవరించుకుని. “మీ అమ్మని ఓపాలి రమ్మను. మాటాడాల.”

తెలుగు వరస ఎలాగో పూర్తయింది. ఒడియాలో అల్లుణ్ణి ఎలా రాయాలని వైకుంఠరావు అడిగితే, తలుపు చాటు నుంచి పుణ్యవతి ఒక్కో అక్షరమే చెప్పింది. చివరికొచ్చేసరికి ఆమె గొంతు వినపడనే లేదు.

వినడానికి వైకుంఠరావు పైనుంచి తలుపు వైపు బాగా వంగేసరికి నిచ్చెన ఊగింది. అప్పలస్వామి తక్కెడ కిందపెట్టి వచ్చి, నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు.