కైహులంపి గుడిసెలో పై అర

కైహులంపి మడుగు ఒడ్డున ఉన్న కర్రగుడిసెకి మంచి పేరు లేదు. స్కీల మీద మంచులో జారుతూ మా ఉత్తరాది అడవుల్లోకి పోయేవాళ్ళకి ఆ దారిలో రాత్రి తలదాచుకునే చోటు అదొక్కటే. అయినా బస్సు దిగేటప్పుడు డ్రైవరే చెబుతాడట — "అక్కడ పడుకోండి గానీ, ఎవరైనా తలుపు తడితే మాత్రం తియ్యకండి."

ఎప్పుడో ఒక తుఫాను రాత్రి నీలో అనే రెయిన్‌డీర్ల కాపరి ఆ గుమ్మం దాకా వచ్చాడట. లోపల ఉన్నవాళ్ళు చోటివ్వలేదు. తెల్లారేసరికి గుమ్మంలోనే గడ్డకట్టిపోయి ఉన్నాడట. అప్పటినుంచీ వచ్చి తడుతున్నాడు… తీశారా, లోపలివాళ్ళలో ఒకరు తగ్గుతారు.

మా పిల్లలు శీతాకాలం సెలవుల్లో ఆ గుడిసెల దారిన వెళ్తామని పట్టుబట్టినప్పుడు, నాతో పనిచేసే మార్కెట్టా ఇది చెప్పింది. తన సొంత అనుభవం. నేను ఒక్క ముక్క కూడా కలపడం లేదు.

ఒక డిసెంబరులో మార్కెట్టా, పన్నెండేళ్ళ కూతురు వెన్లా ఇద్దరే బయల్దేరారు. రైల్లో రాత్రంతా, తర్వాత బస్సులో చివరి ఊరు దాకా, అక్కణ్ణుంచి స్కీల మీద. మధ్యాహ్నానికే చీకటి పడిపోయే రోజులు. గుడిసె చేరి, పొయ్యి వెలిగించి, పరుపులూ సంచులూ పడుకోవడానికి గోడకి కొట్టిన పై అరమీద పడేసి, తడి మేజోళ్ళు ఆరేశారు.

అప్పుడు వినిపించింది.

ధబ్… ధబ్… ధబ్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గుడిసెలకి తాళాలుండవు. అవి ఎవరి ఇళ్ళూ కావు, అందరివీ. వచ్చినవాడు తోసుకుని లోపలికొస్తాడు, ముందొచ్చినవాళ్ళు జరిగి చోటిస్తారు. చిన్నప్పటినుంచీ ఇక్కడ అందరికీ తెలిసిన పద్ధతి. తలుపు తట్టడం అన్నది అసలు లేదు.

"మనవాళ్ళెవరూ తట్టరు," అంది మార్కెట్టా గొంతు తగ్గించి. లేచి, బరువైన బల్లని తలుపుకి అడ్డంగా జరిపింది.

"అమ్మా! గొళ్ళెం కూడా ఉండని తలుపుకి బల్ల అడ్డం పెడతావా?"

"మెల్లిగా మాట్లాడు."

తలుపు ఒక్కసారి లోపలికి కదిలింది… బల్లకి తగిలి ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మంచుమీద కిర్రు… కిర్రుమని చప్పుడు, మడుగు వైపు దూరమైపోయింది.

"స్కీలమ్మా అవి. దెయ్యానికి స్కీలెందుకు?"

"నీలో కూడా స్కీలమీదే వచ్చాడు. నోరు మూసుకుని సూప్ తాగు."

వెన్లా తాగలేదు. మూతి ముడుచుకుని పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. మార్కెట్టా కూతుర్నే చూస్తూ కూర్చుంది — ఉన్నది ఇద్దరే, అందులో ఒకరు తగ్గడమంటే…

పొయ్యిలో కట్టెలు నిప్పులయ్యాక మళ్ళీ వచ్చింది. ఈసారి చాలా మెల్లిగా. టక్… టక్.

"ఎవరికో చలేస్తోందమ్మా," అంది వెన్లా. కళ్ళలో నీళ్ళు. "నువ్వు తియ్యకపోతే నేను తీస్తా."

లేచి బల్ల పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మార్కెట్టా ఒక చేత్తో కట్టెల పక్కనున్న గొడ్డలి పట్టుకుని, రెండో చేత్తో కూతుర్ని వెనక్కి తోసి, బల్ల జరిపి తలుపు తీసింది.

ఒక కుర్రాడు. కనుబొమ్మల నిండా మంచు. చేతిలో విరిగిన స్కీ. గొడ్డలి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"క్షమించండి… మీ ఇల్లని తెలుసు. ఒక్క రాత్రికే…"

"మా ఇల్లేమిటి నాయనా! రా, లోపలికి రా!"

పేరు దువార్తె అట, పోర్చుగల్ నుంచి వచ్చిన విద్యార్థి. ఎదుటివాళ్ళ ఇంట్లోకి పిలవకుండా ఎలా వస్తామండీ అన్నాడు. మార్కెట్టా నవ్వాపుకోలేకపోయింది. గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. ఇంతకాలం ఈ గుడిసెని వణికించింది పరాయి దేశపు మర్యాదన్నమాట! వెన్లా సూప్ వేడిచేసి గిన్నె అతని చేతిలో పెట్టింది.

"దెయ్యానికి ఆకలి బాగానే వేస్తుందే," అంది తల్లితో.

కుర్రాడు నవ్వలేదు. గుసగుసగా థాంక్స్ చెప్పాడు. ఏం అడిగినా గుసగుసే. చెంచా గిన్నెకి తగలకుండా జాగ్రత్తగా తాగుతున్నాడు.

"గొంతు పోయిందా?" అంది మార్కెట్టా.

అతను తల అడ్డంగా ఊపి, చీకట్లో ఉన్న పై అర వైపు ప్రేమగా చూశాడు. అక్కడ గుట్టగా పడి ఉన్నవి తల్లీకూతుళ్ళ పరుపులూ సంచులూ మాత్రమే.

"తనని లేపకండి," అన్నాడు. "నా స్కీ విరిగితే, 'నువ్వు ముందెళ్ళి తలుపు తట్టు, ఇనెస్' అని నేనే పంపాను. బాగా అలిసిపోయి ఉంటుంది, పాపం."