గోనెసంచి నిండా ఎండుటాకులు

అమ్మతో వేగడం ఎవరి తరమూ కాదని లైబ్రరీలో పనిచేసే ఆ అమ్మాయి ఎప్పుడో తేల్చేసుకుంది. బియ్యం కడిగిన నీళ్లు గులాబీకి, కాయగూరలు ఉడికించిన నీళ్లు వంగమొక్కలకి, గుడ్డుపెంకుల పొడి టమాటాలకి. ఆ ఇంట్లో మనుషులకంటే ముందు మొక్కల భోజనాలవుతాయి. ఆ మధ్య వాడిన టీపొడి చెత్తబుట్టలో పడేసినందుకు అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం పక్కింటి నుంచి పొగ వచ్చింది. కొత్తగా అద్దెకు దిగిన లిఫ్టు మెకానిక్ ఎండుటాకులు పోగుచేసి తగలబెడుతున్నాడు.

"ఆపండి. బంగారం తగలబెడుతున్నారు," అంది అమ్మాయి గోడ మీంచి.

అతను కుప్పవైపు పరీక్షగా చూశాడు. "ఆకులండీ ఇవి."

"మీకు ఆకులు, మా అమ్మకి ఎరువు. ఆవిడ చూసిందంటే మిమ్మల్ని కూడా కంపోస్టు గుంటలో వేసేస్తుంది."

"తడిచెత్త కిందా, పొడిచెత్త కిందా?"

నవ్వు కనిపించకుండా ఆమె గోనెసంచి కోసం లోపలికి పరుగెత్తింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అతను వీధిలో రాలిన ఆకులన్నీ ఊడ్చి సంచి నింపుకొచ్చేవాడు. గుంటలో పోయడం ఐదు నిమిషాల పని. అతనికి గంటన్నర పట్టేది.

"పిన్నిగారూ, ఇంకో సంచి తేనా?" అన్నాడోసారి.

"ఆకులు ఎన్నయినా తే బాబూ, పిన్ని మాత్రం అనకు. వరస కుదరదు," అంది అమ్మ, పాదులోంచి తల ఎత్తకుండా.

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. మెకానిక్ ఆ రోజు మరో రెండు సంచులు తెచ్చాడు.

ఎండాకాలం మొదలయ్యాక అమ్మ మూడు వారాలకని మామయ్య ఇంటికి వెళ్తూ తోటని కూతురికి అప్పగించింది. తేమ ఆరిపోకుండా అమ్మాయి ఆ ఆకుల్నే వంగనారు మొదళ్లలో పరిచింది. వారం తిరిగేసరికి నారు అంచులనుంచి మాడిపోయింది.

"ఏ పాడుమందు కొట్టిన ఆకులు తెచ్చారు?" అని నిలదీసింది అతన్ని.

"వీధిచెట్లకి మందెవరు కొడతారండీ?"

"లిఫ్టులు బాగుచేసేవాళ్లకి మొక్కల సంగతేం తెలుస్తుంది లెండి."

మర్నాడు పొద్దున్న గోడ మీద గోనెసంచి ఉంది, ఉతికి, మడతపెట్టి. రెండు ఆదివారాలు గడిచినా అతను రాలేదు. ఆదివారం ఇంత పొడుగ్గా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

అమ్మ ఊరినుంచి వస్తూనే పాదు దగ్గర కూర్చుంది. మట్టిమీద తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో తీసి నాలుకకి రాసుకుంది.

"కూరలు ఉడికించిన నీళ్లు పోశావా?"

"నువ్వు చెప్పినట్టే, రోజూ."

"ఉప్పు వేసి ఉడికించావా?"

అమ్మాయి వంటింట్లో ఉప్పు డబ్బావైపు చూసింది.

"నేను నీళ్లు వంచేశాకే ఉప్పు వేస్తానే తల్లీ. ఈ మట్టితో కూర వండితే వేరే ఉప్పు అక్కర్లేదు," అంది అమ్మ. "నారుదేముంది, మళ్లీ పోసుకుందాం. ఆ అబ్బాయికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పమ్మా."

"అలాగే. పనిలో పనిగా పెళ్లి సంగతి కూడా మాట్లాడొస్తా."

అమ్మాయి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

తలుపు తీసిన మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. మొహంలో నవ్వు లేదు.

"ఆకుల మీద కొత్త కేసేమైనా పెట్టారా?"

"కేసు కొట్టేశారు. మొక్కల్ని చంపింది ఉప్పు."

"ఉప్పు దానంతటదే నడిచొచ్చి పాదులో పడిందా?"

ఆమె చెప్పులవంక చూసుకుంది. ఏడాది ఆలస్యంగా పుస్తకం తిరిగిచ్చేవాళ్లు కూడా లైబ్రరీలో ఇంతగా నసగరు.

"వేసింది నేనే. మీ పనిని తీసిపారేసి మాట్లాడిందీ నేనే. నారు మళ్లీ పోసుకుంటాం. మీరు రాని ఆదివారాలకి మాత్రం ఏం చెయ్యాలో మా అమ్మకి కూడా తెలీదు."

అతని పెదవి చివర కొంచెం కదిలింది. "సరిగ్గా వినపడలేదండీ. లిఫ్టుల మోతకి చెవులు పోయాయి."

గోడకి అవతల అమ్మ బకెట్టు చప్పుడు టక్కున ఆగిపోయింది.

"తప్పు నాదేనండీ," అంది ఆమె, వీధి మొత్తానికి వినపడేలా.