ఏ ఇరవై ఆరు?

"ఇది ఇరవై ఆరే కదండీ?" అన్నాడతను, కొత్త టైరు చూపిస్తూ.

"ఇరవై ఆరే. ఏ ఇరవై ఆరు?" అంది యీజెన్, తమ సైకిల్ షాపు గుమ్మంలో నిలబడి.

అతను తెల్లబోయాడు. పేరు తింగ్‌హావ్. చాంగ్‌హ్వా పట్నంలోని ఒక టైర్ల ఫ్యాక్టరీ సేల్స్ మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, దానికి తగ్గ నవ్వు. ఇలాంటి ప్రశ్న ఇంతవరకూ ఏ సైకిల్ షాపులోనూ ఎదురుకాలేదని ముఖమే చెప్తోంది.

యీజెన్ టైరు లాక్కుని తన చక్రం మీద ఆనించింది. అడ్డంగా మూడు సెంటీమీటర్లు తక్కువ.

"నేను రాసింది ఇరవై ఆరు, ఒకటీ మూడు బై ఎనిమిది. నువ్వు తెచ్చింది ఇరవై ఆరు, ఒకటి పాయింట్ డెబ్బై ఐదు. ఇదిగో, పక్కన చిన్న అంకె ఉందే, ఐదువందల యాభై తొమ్మిది, అదీ చూడాల్సింది. నా రిమ్ముకి ఐదువందల తొంభై కావాలి. పెద్ద అంకె ఊరికే పేరుకి."

"సారీ అండీ. కానీ మా టైరు సూపరండీ. అసలు పంక్చరే కాదు!"

"కాదు అనకు. తక్కువ అవుతుంది అను. మా వీధిలో ఒకసారి తిరిగొచ్చి మాట్లాడు."

అది ఆల్చిప్పలు ఒలిచి బతికే ఊరు. వీధి పొడుగునా కత్తుల్లాంటి పెంకులే.

"చూశావా? అమ్మవారికే ఇష్టం లేదు," అన్నాడు యీజెన్ నాన్న, కుర్చీలో కూర్చుని వాచిన మోకాలికి పట్టీ చుట్టుకుంటూ. "మా అన్నయ్య కొడుకే వెళ్తాడు."

భార్య పెద్ద జబ్బు నుంచి లేచినప్పుడు ఆయన మొక్కుకున్నాడు. సముద్రాన్ని కాచే మాజూ అమ్మవారి పల్లకి వెంట ఊరూరా ఏటా తొమ్మిది రోజులు, మూడేళ్ళు సైకిల్ మీద వస్తానని. రెండేళ్ళు వెళ్ళాడు. మూడో ఏడు మోకాలు మొండికేసింది. నాలుగు రోజుల్లో పల్లకి కదులుతుంది. ఆయన బదులు నేను వెళ్తానని యీజెన్ అడ్డం తిరిగింది.

ఆడపిల్ల, ఒంటరిగా, తొమ్మిది రోజులా? ఇంట్లో వారం రోజులు యుద్ధం. చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు. సామాను కట్టుకుని రేవుదాకా వెళ్ళి పంక్చర్ లేకుండా తిరిగి రావాలి. మూడు అవకాశాలు. పాత టైర్లతో రెండు పోయాయి. ఒక్కటే మిగిలింది.

"పెదనాన్న కొడుక్కి గాలి కొట్టడం కూడా రాదు నాన్నా!"

"మగాడు. ఎలాగో తిప్పలు పడతాడు."

"మగాడని చూసి ట్యూబు తనంతట తనే అతుక్కుంటుందా?"

తింగ్‌హావ్‌కి నవ్వొచ్చింది. యీజెన్ చూసిన చూపుకి ఆ నవ్వు కాస్తా మింగేసి వెళ్ళిపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం వాన దంచుతుంటే, తడిసి ముద్దయిన మనిషి ఒకడు సైకిల్ నడిపించుకుంటూ షాపులోకొచ్చాడు. మెడలో దండల్లా రెండు టైర్లు.

"వ్యాన్ గురువారందాకా లేదన్నారు," అన్నాడు తింగ్‌హావ్ రొప్పుతూ. "సెలవు పెట్టి, పొద్దున ఆరింటికి బయలుదేరి వచ్చేశా. దారిలో మూడు పంక్చర్లు. మూడోది మీ వీధిలోనే."

అతని రేసు సైకిల్ టైర్లు వేలంత సన్నం.

"టైర్లమ్మే మనిషివి, ఈ దారాలు కట్టుకుని తిరుగుతావా?"

"స్పీడ్ కోసమండీ."

"ఏదీ స్పీడ్? ఎనభై కిలోమీటర్లకి తొమ్మిది గంటలా?"

అతని మెడలోంచి కొత్త టైరు తీసి ముందు చిన్న అంకె చూసింది. ఐదువందల తొంభై. తర్వాత టైరు మడిచి గోటితో నొక్కింది.

"లోపలి పొర ఎంత మందం?"

"మూడు మిల్లీమీటర్లు."

"పక్కలకి?"

అతను "సూపరండీ" అనబోయి ఆగాడు. "పక్కలకి ఏమీ లేదు. పెంకు పక్కనుంచి కోస్తే తెగుతుంది. బరువు కూడా ఎక్కువే. పంక్చర్లు తక్కువ అవుతాయి. అంతే."

యీజెన్ అతన్ని అప్పుడు సరిగ్గా చూసింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. చొక్కాకి ఇస్త్రీ అన్నది లేదు. నచ్చాడు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

"బరువైతే అవనీ. స్పీడ్ కావాలంటే రైలెక్కుతా," అంటూ తువ్వాలు విసిరింది.

మర్నాడు పొద్దున కొత్త టైర్లు ఎక్కించి, సామాను కట్టుకుని ఆమె చివరి అవకాశానికి బయలుదేరుతుంటే వీధి అరుగుల మీద కత్తులు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా ఆల్చిప్పలు వదిలేసి చూశారు. రేవుదాకా వెళ్ళింది. తిరిగొచ్చింది. షాపు ఇంకో ఇరవై అడుగులు ఉందనగా వెనక చక్రం బుస్సుమంది.

"ఓడిపోయావు," అన్నాడు నాన్న.

యీజెన్ ఏడవలేదు. సైకిల్ అక్కడే తిరగేసింది. తింగ్‌హావ్ వంగబోతే "చెయ్యి తియ్యి" అంది. టైరు విప్పి, పెంకు ముక్క పీకి, ట్యూబు అతికి, గాలి కొట్టేసరికి పది నిమిషాలు.

"నాన్నా, ఆ రెండేళ్ళలో నీకెన్ని పంక్చర్లు పడ్డాయి?"

ఆయన మోకాలి పట్టీ సర్దుకున్నాడు.

"ఏడు!" అరిచింది అమ్మ, అరుగు మీద నుంచి. "ఏడూ ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు!"

వీధంతా నవ్వింది.

"ఏడుసార్లలో అమ్మవారు నిన్ను ఒక్కసారైనా ఇంటికి పొమ్మందా? మరి నన్నెందుకు పొమ్మంటుంది? అమ్మవారు నాకూ అమ్మే. నేను వెళ్తున్నా. నువ్వు ఒప్పుకున్నా వెళ్తా, ఒప్పుకోకపోయినా వెళ్తా."

ఆయన కుంటుకుంటూ లోపలికెళ్ళాడు. రెండేళ్ళ ధూపానికి నల్లబడ్డ మొక్కు జెండా తెచ్చి ఆమె హ్యాండిల్‌కి తనే కట్టాడు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

"ఎనిమిదోది పడితే ఫోన్ చెయ్యి," అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే."

తర్వాత ఆయన చూపు తింగ్‌హావ్ మీద పడింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి?"

"నేనూ వెళ్దామని పల్లకి యాత్ర అయ్యేదాకా సెలవు పెట్టానండీ. మేనేజర్ బాగా తిట్టాడు."

"అమ్మాయికి ఏమీ కాకుండా చూస్తావా?"

"ఏమీ కాదని చెప్పనండీ. చూసుకోవడం తనకే బాగా వచ్చు. తప్పు టైరు తెచ్చి తిట్లు తిన్న రోజు నుంచీ తన పక్కనే ఉండాలనిపిస్తోంది. నాకు తనంటే ఇష్టం. అంతే."

యీజెన్ చెవులు ఎర్రబడ్డాయి. షెల్ఫులోంచి రెండు టైర్లు తీసి అతని మీదకి విసిరింది.

"ముందు ఆ దారాలు విప్పి ఇవి ఎక్కించు. దారిలో నీ పంక్చర్లు నువ్వే వేసుకోవాలి. నీ కోసం ఆగను."

తింగ్‌హావ్ పెద్ద అంకె వైపు చూడనే లేదు. టైరు తిప్పుతూ చిన్న అంకె వెతికాడు. "ఆరువందల ఇరవై రెండు. నా చక్రాలకి సరిపోతాయి."

"అయితే రా," అంది యీజెన్, పంపు అందిస్తూ.