తలుపు మీద మూడు గీకులు

మూతబడ్డ ఆ ప్రింటింగు ప్రెస్సుకి మంచి పేరు ఎప్పుడూ లేదు. మిషన్లో పడి చచ్చిపోయిన పనివాడొకడు రాత్రిళ్ళు లోపల ఇంకా అచ్చు వేస్తూనే ఉంటాడట... చీకటి పడితే ఆ సందులో మనిషన్నవాడు నడవడట. విన్నది విన్నట్టే చెబుతున్నా.

టైలరమ్మ మాత్రం ఈ కబుర్లకి మూతి తిప్పేది. "బతికుండగానే పని ఎగ్గొట్టినవాడు, చచ్చాక చేస్తాడా?"

ఆ ఏడు ఈస్టరు తొందరపడి మార్చిలోనే వచ్చింది. ఆవిడింట్లో ఒక ముసలి కుక్క. పేరు తాత, వయసు పదహారు. కుట్టుమిషను కింద, ఆవిడ పాదాల పక్కనే దాని పడక. కళ్ళు పోయాయి, కాళ్ళు పడిపోతున్నాయి. పండగయ్యాక తీసుకురండి, ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చేద్దాం అన్నాడు పశువుల డాక్టరు.

ఆవిడ మొగుడు, గోడౌను సూపర్వైజరు, అందాకా ఆగితేనా! పండగ భోజనానికి మేనేజరు వస్తున్నాడు మరి. ఆయన కాళ్ళ కింద తివాచీని కుక్క తడిపితే ఈయనగారి పరువేం కాను?

"పండగ ముందొచ్చిందని కుక్క కూడా ముందే పోవాలా?" అంది టైలరమ్మ.

"అదెంత నరకం పడుతోందో చూశావా? నీకు కనికరం లేదు," అన్నాడు. కనికరమట!

శనివారం పొద్దున్నే తాతని కారెక్కించాడు. నేనూ వస్తానని ఆవిడంటే, ఏడ్చి రచ్చ చేస్తావన్నాడు. ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి దాని చెవులు నిమురుతుండగానే బండి కదిలించాడు. గంటలో తిరిగొచ్చి, "హాయిగా పోయింది. వాళ్ళే పూడ్చేశారు," అని, తివాచీ ఉతకమన్నాడు.

ఆఖరి నిమిషంలో దాని తల నా ఒళ్ళో లేదే... ఆ రాత్రంతా ఆవిడకి అదే దిగులు.

ఆదివారం తెల్లవారుజాము ప్రార్థనకి ఇద్దరూ నడిచి బయల్దేరారు. చలి. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆవిడ ప్రెస్సు సందులోకి తిరిగింది — దగ్గరి దారని.

"అటొద్దు," అన్నాడు మొగుడు గొంతు తగ్గించి.

"ఎందుకూ?"

"అదే... దెయ్యం..."

దెయ్యాల్ని నమ్మేవాళ్ళంతా దద్దమ్మలని నిన్నటిదాకా వాగిన మనిషి! ఛీ అనుకుని ఇంకా గబగబా నడిచింది.

ప్రెస్సు ముందుకొచ్చేసరికి —

గరక్... గరక్... గరక్...

ఆవిడ ఆగిపోయింది. లోపల్నించే. తలుపు అడుగు నుంచే. మూడుసార్లు గీకి... ఆగి... ఒక తుమ్ము.

ఒళ్ళు జల్లుమంది. పదహారేళ్ళుగా ఆ మూడు గీకులూ, ఆ తుమ్మూ వింటూనే ఆవిడ రోజూ నిద్ర లేచేది.

"పద... ఆగకు..." మొగుడు ఆవిడ చెయ్యి పట్టి లాగాడు.

"తాత..." అందావిడ గుసగుసగా. "సరిగ్గా సాగనంపలేదని... నన్ను వెతుక్కుంటూ వచ్చింది."

భయం వేసింది. చాలా వేసింది. దెయ్యమే కానీ, నా తాతేగా అనుకుని గొళ్ళెం తీసింది. తలుపు కిర్రుమంది. లోపల్నించి చల్లగా, తడిగా ఏదో ఆవిడ అరచేతికి తగిలింది —

ముక్కు!

ఫోను లైటు వేసింది. తాత నిలబడి ఉంది, బతికే ఉంది. మెడకి ఆవిడ కుట్టిన నీలం పట్టీ. వెనకాల నేల మీద ఇంటి నుంచి తెచ్చిన దాని గిన్నె, మొగుడి పాత స్వెట్టరు.

"డాక్టరు దగ్గర తాళం వేసుంది," నసిగాడు సూపర్వైజరు. "సోమవారం దాకా పండగ సెలవులట... నువ్వంత ఏడ్చాక మళ్ళీ ఇంటికెలా తీసుకురాను? పైగా మేనేజరు..."

"పండగయ్యాక రమ్మని ఆయన చెప్పింది అందుకే కదండీ! ఒక్క మాటైనా విన్నారా?"

ఆవిడ తాత మెడ కావలించుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని లేచింది.

"మీ మేనేజరుకి ఫోన్ చెయ్యండి. ఇవాళ మనింట్లో పెద్దాయన భోంచేస్తున్నారు, ఇంకొకరికి చోటు లేదని చెప్పండి. మంగళవారం దీన్ని నేనే తీసుకెళ్తా. తల నా ఒళ్ళోనే ఉంటుంది. మీరు రానక్కర్లేదు."

ఈలోగా తాత గాలిలో వాసన పట్టి, తూలుకుంటూ, నేరుగా సూపర్వైజరు బూట్ల దగ్గరికే వెళ్ళింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

దెయ్యమైతే పీక పట్టుకునేదే. కుక్క కదా, తోకాడించింది.